19 సార్లు ఓడిన రాబిన్సన్ పైన, ఓటమే లేని మేవెదర్ కింద: ఇదేం లెక్క?

కొత్త గ్లవ్స్
ఆల్‌టైం గ్రేట్ బాక్సర్ల లిస్టు ఏది చూసినా షుగర్ రే రాబిన్సన్ మొదటి రెండు మూడు స్థానాల్లో ఉంటాడు. ఆయన ఓడినవి 19. మేవెదర్ 50-0, మార్సియానో 49-0. ఒక్కసారీ ఓడనివాళ్లు కింద, 19 సార్లు ఓడినాయన పైన ఎలా ఉంటారు? పాతవాళ్ల మీద మోజేనా, నిజంగా లెక్కేమన్నా ఉందా? ఇంకోటి, మన దగ్గర బాక్సింగ్ అనగానే అందరి నోటా వచ్చే టైసన్ పేరు టాప్ 10లో ఎందుకు కనపడదు? "ఆ రోజుల్లో మనుషులే వేరు" టైపు జవాబులు వద్దండీ, కాస్త వివరంగా చెప్పండి.

కార్నర్ స్టూల్
ఆ 19ని తేదీలవారీగా విడదీయండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదటి ఓటమి 1943 ఫిబ్రవరి 5న, జేక్ లమోటా చేతిలో. ఆ రాత్రి లమోటా రాబిన్సన్ కంటే దాదాపు 16 పౌండ్లు బరువెక్కువ. అంటే ఏడు కిలోల పైమాటే. ఇప్పుడైతే అంత తేడా ఉన్న ఇద్దరిని కలిపి బౌట్ పెట్టనే పెట్టరు. సరిగ్గా మూడు వారాలకు రాబిన్సన్ అదే లమోటాను ఓడించాడు. అక్కడి నుంచి 1951 జులై దాకా, వరుసగా 91 బౌట్లలో ఓటమి లేదు. రెండో ఓటమి లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో. 64 రోజులకు న్యూయార్క్‌లో పదో రౌండ్లో రిఫరీ బౌట్ ఆపేసేదాకా టర్పిన్‌ను కొట్టి బెల్టు వెనక్కి తెచ్చుకున్నాడు.

మూడోది 1952 జూన్‌లో, తనకంటే ఒక బరువు విభాగం పైనున్న లైట్ హెవీవెయిట్ చాంపియన్ జోయీ మాక్సిమ్ మీద. మూడు స్కోరు కార్డుల్లోనూ రాబిన్సనే ముందున్నాడు. కానీ రింగులో వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంది. రిఫరీ కూడా తట్టుకోలేక పదో రౌండ్ తర్వాత దిగిపోతే ఇంకో రిఫరీని ఎక్కించారు. రాబిన్సన్ 13 రౌండ్లు ఆడి, 14వ రౌండుకు స్టూలు మీంచి లేవలేకపోయాడు.

ఆ ఏడాది చివర్లో మొదటిసారి రిటైరయ్యే నాటికి ఓటములు ఈ మూడే. మిగతా 16 మళ్లీ రింగులోకి వచ్చాక, 33 ఏళ్లు దాటాక పడ్డవి. వాటిలో ఐదు 1965లోనే, 44 ఏళ్ల వయసులో, డబ్బు కోసం ఆడుతున్నప్పుడు. గొప్పతనం తూచేటప్పుడు ఈ 16ని కొట్టిపారేయక్కర్లేదు, కానీ 1940ల రాబిన్సన్ మీద రుద్దితే లెక్క తప్పుతుంది.

సౌత్‌పా 126
పైన చెప్పింది ఓటముల సంగతి. గెలుపులకూ అదే జల్లెడ పట్టాలి. ప్రతి పెద్ద పేరు పక్కన నాలుగు విషయాలు రాసుకోండి: ఆ రోజుకు ప్రత్యర్థి వయసు, అతని చివరి ఐదు బౌట్ల ఫలితాలు, ఎవరి సొంత బరువు దగ్గర జరిగింది, జడ్జిల కార్డులు. బాక్సర్ల రికార్డులుండే బాక్‌రెక్ వెబ్‌సైట్లో బాక్సర్ పేజీ తెరిస్తే వీటిలో చాలావరకు పది నిమిషాల పని.

ఇలా చూస్తే మార్సియానో 49లో జో లూయిస్ పేరు కాస్త తేలిపోతుంది. 1951లో లూయిస్‌కు 37 ఏళ్లు, అదే అతని ఆఖరి బౌట్. అదే జల్లెడలో వాల్కాట్ బౌట్ నిలబడుతుంది: వాల్కాట్ అప్పటికి చాంపియన్, మార్సియానో మొదటి రౌండ్లోనే కింద పడ్డాడు, కార్డుల్లో వెనకబడ్డాడు, 13వ రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బతో ముగించాడు. 1952 సెప్టెంబరు 23. నా దృష్టిలో మార్సియానో గొప్పవాడనడానికి ఆ ఒక్క సాయంత్రం 49-0 కంటే గట్టి సాక్ష్యం.

మేవెదర్‌ది కూడా అంతే. 2001లో డియెగో కొరాలెస్ ఓటమి ఎరగనివాడు, పంచ్ బరువైనవాడు. అతన్ని ఐదుసార్లు కింద పడేశాడు, చివరికి కొరాలెస్ కార్నరే (అతని శిక్షకుల జట్టే) బౌట్ ఆపించింది. అది ఆణిముత్యం. 2002లో కాస్తియోతో మొదటి బౌట్‌ మీద మాత్రం ఈరోజుకీ గొడవే. పక్యావ్‌ను కలిసేసరికి 2015 వచ్చింది, ఒకరికి 38, ఇంకొకరికి 36. ఇక 50వ గెలుపు మెక్‌గ్రెగర్ మీద. అతనికి అదే మొట్టమొదటి ప్రొఫెషనల్ బాక్సింగ్ బౌట్! ఆ 50 అంకె బాగుంది గానీ చివరి ఒకటి ఎక్కడిదో గుర్తుంచుకోండి.

ఓటమి లేకపోవడం కొన్నిసార్లు జడ్జిల చలవ కూడా. 1993లో చావెజ్ 87-0తో వచ్చి పర్నెల్ విటేకర్‌తో ఆడాడు. ఇద్దరు జడ్జిలు సమం అన్నారు. ఆ బౌట్ చూసినవాళ్లలో విటేకరే గెలిచాడనేవాళ్లు ఎక్కువ. రికార్డులో చావెజ్ సున్నా చెక్కుచెదరలేదు, అంతే.

కొత్త గ్లవ్స్
ఇది బాగా అర్థమైంది. మరి రింగులో ఆటను చూసి ఎలా పట్టుకోవాలి? నాకు పంచ్‌లు తప్ప ఏమీ కనపడవు.

పాత రీలు
సౌండ్ ఆపేయండి ముందు. కామెంటేటర్ ఎవరి పేరు అరిస్తే వాడే గెలుస్తున్నట్టు అనిపిస్తుంది. మొదటిసారి పాదాలు మాత్రమే చూడండి. రెండోసారి పంచ్ విసిరాక ఆ చేయి ఎక్కడికి తిరిగొస్తోందో చూడండి. మూడోసారి మీరే కార్డు వేయండి: రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, అతను ఒకసారి కింద పడి ఉంటే 8.

"చేయి ఎక్కడికి తిరిగొస్తోంది" అన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ జో లూయిస్ ఓడింది అక్కడే. జాబ్ (ముందుచేత్తో నేరుగా వేసే పంచ్) వేశాక ఎడమచేయి నేరుగా గడ్డం దగ్గరికి రావాలి. లూయిస్‌ది కాస్త కిందికి జారి వచ్చేది. ఆ లెక్కన అర క్షణం ఎడమ దవడ ఖాళీ. మాక్స్ ష్మెలింగ్ అది ముందే పసిగట్టి, 1936 జూన్‌లో ఆ జాబ్ మీదుగా కుడిచేయి వేస్తూ పోయాడు. నాలుగో రౌండ్లో పడేశాడు, 12లో నాకౌట్. రెండేళ్ల తర్వాత మళ్లీ కలిసినప్పుడు లూయిస్ అతనికి కాచుకునే వ్యవధే ఇవ్వలేదు, 2 నిమిషాల 4 సెకన్లలో అయిపోయింది. ఓడినచోటే దిద్దుకుని అదే మనిషిని కొట్టడం. లిస్టులు వేసేవాళ్లు వెతికేది దీన్నే.

ఇంకోటి తప్పకుండా చూడండి: 1957 మే 1, రాబిన్సన్ - జీన్ ఫుల్మర్ రెండో బౌట్, ఐదో రౌండ్. జనవరిలో ఫుల్మర్ 15 రౌండ్లు మీదమీదకు తోసుకొచ్చి గెలిచాడు. ఈసారి రాబిన్సన్ కుడిచేత్తో డొక్కలో కొడుతూ వచ్చాడు. దాన్ని కాచుకోవడానికి ఫుల్మర్ గార్డ్ దిగింది. అంతే, ఎడమ హుక్ (పక్కనుంచి తిప్పి వేసే పంచ్) గడ్డం మీద. వెనక్కి జరుగుతూ హుక్ వేస్తే మామూలుగా ఒంటి బరువు వెనకపాదం మీదే ఉండిపోయి, పంచ్‌లో చేతి బలం తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ రాబిన్సన్ వెనక్కి పోతూనే సరిగ్గా ఆ క్షణంలో పాదం నాటి నడుము తిప్పాడు. ఫుల్మర్ అంతకుముందు ఎప్పుడూ నాకౌట్ కాలేదు. రాబిన్సన్‌కు ఇంకో రెండు రోజుల్లో 36 నిండుతాయి.

అలీది ఇంకో రకం పాఠం. 1966లో క్లీవ్‌లాండ్ విలియమ్స్ బౌట్ చూస్తే కాళ్లే డిఫెన్స్. మూడేళ్లకు పైగా నిషేధం అయ్యాక ఆ కాళ్లు తిరిగి రాలేదు. 1974లో కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని, మోచేతులతో డొక్కలు కప్పుకుని ఫోర్‌మన్ చేతులు అలిసేదాకా కొట్టనిచ్చాడు. ఎనిమిదో రౌండ్లో పని ముగించాడు. అప్పటికి ఫోర్‌మన్ 40-0, అందులో 37 నాకౌట్లు. అందరూ తాళ్ల గురించే చెబుతారు గానీ మొదటి రౌండ్లో అలీ జాబ్ లేకుండా నేరుగా వేసిన కుడిచేతి పంచ్‌లు లెక్కపెట్టండి.

రింగ్ రోడ్
కాలం తేడా కూడా కలపండి. ఒకప్పుడు ఎనిమిది బరువు విభాగాలు, ఒక్కోదానికి సాధారణంగా ఒక్కడే చాంపియన్. ఇప్పుడు 17 విభాగాలు, ఒక్కోదానికి నాలుగు పెద్ద సంస్థల బెల్టులు. "ఐదు విభాగాల చాంపియన్" అని వింటే ఏ బెల్టు, ఎవరి మీద అని అడగండి. 1938 ఆగస్టు నాటికి హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫెదర్, లైట్, వెల్టర్ మూడూ ఒకేసారి పట్టుకున్నాడు, ఉన్న ఎనిమిదిలో!

అలాగని ఇప్పటివాళ్లంతా తేలికని కాదు. ఉసిక్ 200 పౌండ్ల క్రూజర్ విభాగంలో నాలుగు బెల్టులూ ఏకం చేసి, హెవీవెయిట్‌కు వెళ్లి 2024 మేలో తనకంటే దాదాపు 40 పౌండ్లు ఎక్కువున్న ఫ్యూరీని ఓడించాడు. ఇది ఏ కాలంలోనైనా పెద్ద పనే. ఆ మాటకొస్తే పాతవాళ్లది 15 రౌండ్లు, బౌట్ రోజే తూకం. ఇప్పుడు 12 రౌండ్లు, తూకం ముందురోజు. రాత్రికి రాత్రి నీళ్లు తాగి, తిని, చాలామంది ఐదారు కిలోలు పెరిగి రింగెక్కుతారు.

టైసన్ సంగతి: 20 ఏళ్ల 4 నెలలకే హెవీవెయిట్ చాంపియన్, ఆ రికార్డు ఇంకా పదిలం. 1986-88 టైసన్ తల ఆడించే పద్ధతి, కాంబినేషన్లు నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ పాఠ్యపుస్తకం. కానీ కింద పడ్డాక లేచి గెలిచిన బౌట్ అతని రికార్డులో ఒక్కటీ లేదు. డగ్లస్, హోలీఫీల్డ్, లెనాక్స్ లూయిస్... తనను ఓడించినవాళ్లలో ఎవరినీ తర్వాత ఓడించలేదు. పైన జో లూయిస్ - ష్మెలింగ్ సంగతి చదివారుగా, తేడా అదే.

కొత్త గ్లవ్స్
మన నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ కదా, 2022, 2023. అలాంటివాళ్ల పేర్లు ఈ లిస్టుల్లో ఎందుకు రావు?

కార్నర్ స్టూల్
అది వేరే తక్కెడ అండీ. నిజామాబాద్ అమ్మాయి గెలిచినవి అమెచ్యూర్ టైటిళ్లు: మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, వరుసగా కొద్దిరోజుల్లో ఐదారుగురిని దాటాలి. శుభ్రంగా, వేగంగా, మొదటి నిమిషం నుంచే పాయింట్లు తీయాలి. మీరు చూసినవి ప్రొఫెషనల్ లిస్టులు. ఒకదాంట్లో గొప్ప ఇంకోదాంట్లోకి అలాగే రాదు. లొమచెంకో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి ప్రొఫెషనల్ అయ్యాడు. 2014లో రెండో బౌట్‌లోనే సాలిడో చేతిలో ఓడాడు. సాలిడో బరువు పరిమితి దాటి వచ్చాడు, బెల్టు కింద కొడుతూ, కౌగిలించి పట్టేస్తూ 12 రౌండ్లూ నలిపాడు. అమెచ్యూర్‌లో ఆ నలుగుడుకు అలవాటు పడే అవకాశమే ఉండదు.

సౌత్‌పా 126
ఒక చిన్న చేర్పు. ఈ వీడియో పరీక్షకు అందని మనిషి ఒకడున్నాడు: హ్యారీ గ్రెబ్. తర్వాత హెవీవెయిట్ చాంపియన్ అయిన జీన్ టన్నీ ప్రొఫెషనల్‌గా ఓడింది ఒక్కసారే, 1922లో, గ్రెబ్ చేతిలోనే. గ్రెబ్ దాదాపు 300 బౌట్లు ఆడాడు. వాటిలో ఒక్కదాని ఫిల్మ్ కూడా దొరకలేదు. అందుకే ఒక లిస్టులో రెండో స్థానంలో, ఇంకో లిస్టులో ఇరవై దాటి కనిపిస్తే కంగారు పడకండి. వాళ్లూ కాగితం చూసే వేశారు.