పేగుకు రక్తం తిరిగొచ్చాక రేగే ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు, మంటను) మందులతో అణచాలా?

సర్జరీ పీజీ, చెన్నై:
పేగుకు రక్తం తెచ్చే సుపీరియర్ మెసెంటెరిక్ ధమనిలో గడ్డ అడ్డుపడిన పేషెంట్లు నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి మా దగ్గరికి వస్తుంటారు. గడ్డ తీస్తాం, నల్లబడిన పేగు మళ్లీ ఎర్రబడుతుంది, బయట కూర్చున్న ఇంటివాళ్లకు ధైర్యం చెబుతాం. తెల్లారేసరికి బీపీ నిలవదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అసలు దెబ్బ రక్తం తిరిగొచ్చాకే పడుతోందని నా వాదన. పార్క్స్, గ్రేంజర్ 1986లో పిల్లుల పేగు మీద చూపించింది ఇదే: 4 గంటల ఇస్కీమియా (రక్తం అందకపోవడం) కన్నా, 3 గంటల ఇస్కీమియా తర్వాత గంట రీపర్‌ఫ్యూజన్ (రక్తం తిరిగి పారడం) జరిగినప్పుడే లోపలి పొర ఎక్కువ చెడింది. అలాంటప్పుడు గడ్డ తీసే ముందే ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే స్టెరాయిడో, జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను ఆపే అల్లోప్యూరినాలో ఎందుకు ఇవ్వకూడదు?

ల్యాబ్ రీసెర్చర్, బెంగళూరు:
తమ్ముడూ, మెకానిజం నిజమే. రక్తం ఆగితే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ విరిగి, హైపోజాంథీన్ అనే పదార్థం పోగవుతుంది. ఆక్సిజన్ తిరిగి రాగానే జాంథీన్ ఆక్సిడేజ్ దాన్ని వాడుకుని, కణాలను దెబ్బతీసే సూపరాక్సైడ్ పుట్టిస్తుంది. రక్తనాళాల గోడల మీద పీ-సెలెక్టిన్, ఐక్యామ్-1 అనే అతుక్కునే ప్రోటీన్లు పెరుగుతాయి, న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లరక్తకణాలు) వచ్చి అతుక్కుంటాయి. కానీ రక్తం పూర్తిగా, చాలాసేపు ఆగిపోయినచోట పేగు అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. అక్కడ రీపర్‌ఫ్యూజన్ కొత్తగా చెడగొట్టేది తక్కువ.

ఇంకోటి. నెదర్లాండ్స్‌లో ఆపరేషన్‌లో ఎలాగూ తీసేయాల్సిన మనిషి జెజునం (చిన్నపేగు మధ్యభాగం) ముక్కకు 30 నిమిషాలు రక్తం ఆపి, మళ్లీ వదిలి చూశారు. ఫలితం 2008లో వచ్చింది. విల్లస్ (పేగు లోపలి పొర మీది వేలిలాంటి మొలక) కొసన దెబ్బతిన్న కణాలు రాలిపోయి, రెండు గంటల్లోపే మిగతా కణాలు ఆ పొరను మూసేశాయి. పేగుకు తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది. పైగా లోపల కోట్ల బ్యాక్టీరియా కాచుకుని ఉంటే న్యూట్రోఫిల్స్‌ని కట్టేస్తామంటే నాకు భయమేస్తుంది.

అనస్థీషియా, అడయార్:
మేడమ్‌తో ఏకీభవిస్తాను. జంతువుల్లో అద్భుతంగా పనిచేసిన రిమోట్ ప్రీకండిషనింగ్ (ముందుగా చేతికో కాలికో రక్తం కాసేపు ఆపి వదిలి, వేరే అవయవాన్ని కాపాడాలని చూడటం), 2015లో గుండె ఆపరేషన్ల మీద వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో పేషెంట్లకు ఏ మేలూ చేయలేదు. ఎలుకలో తేలిందని ఐసీయూలో ఇచ్చేయలేం.

సర్జరీ పీజీ, చెన్నై:
సరే సర్, స్టెరాయిడ్ పక్కన పెడదాం. కానీ ఊపిరితిత్తుల సంగతేంటి? ఎలుకల్లో పేగు నుంచి లింఫ్ అనే ద్రవాన్ని తెచ్చే నాళాన్ని కట్టేస్తే ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది. అంటే పేగు ఇన్‌ఫ్లమేషన్ మొత్తాన్ని అణచనక్కర్లేదు, అది బయటికి పాకే దారిని ఆపితే చాలు. ఈ దారిని మనుషుల్లో గట్టిగా పరీక్షించకుండా ట్రయల్స్ ఓడిపోయాయని చేతులెత్తేయడం నేను ఒప్పుకోను.

డ్యూటీ డాక్టర్, నెల్లూరు:
మీరు మాట్లాడేదంతా పేషెంట్ మీ టేబుల్ మీదికి చేరాక సంగతి. మా దగ్గర గ్యాస్ నొప్పి అని ఇంజక్షన్ చేసి పంపేసినవాళ్లు మర్నాడు తిరిగి వస్తారు. నొప్పికి మెలికలు తిరుగుతుంటాడు, పొట్ట నొక్కితే మాత్రం మెత్తగా ఉంటుంది, గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. ఇలాంటివాళ్లకు రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ అందకపోతే పెరిగేది) నార్మల్ అని ఊరుకోకూడదు, మొదట్లో అది నార్మల్‌గానే ఉండొచ్చు. వెంటనే సీటీ యాంజియో (రక్తనాళాలను చూపించే స్కాన్) తీయాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ కోసం కూడా ఆగొద్దు. రెండు గంటలు ముందు పంపితే ఆ సూపరాక్సైడ్ పుట్టేదే తక్కువ.

సర్జరీ పీజీ, చెన్నై:
అన్నా, ముందు పంపండి, అందులో వాదనే లేదు. అలా వచ్చినవాళ్లకు కూడా పొట్ట మళ్లీ తెరిచి చూడాల్సి వస్తోంది, నా గొడవ అక్కడే. మీమీ ఆసుపత్రుల్లో ఆ సెకండ్ లుక్ 24 గంటలకు చేస్తున్నారా, 48కా? అప్పటికి పేగు ఎలా కనిపిస్తోందో రాయండి.