కవచం ముట్టుకోగానే వెనుక నుంచి మీద పడటం హాస్యమా, మోసమా? (సీరియస్ శామ్ మొదటి ఆట)

గడియారస్తంభం (నల్లగొండ)

మొన్న వేరే చర్చలో ఒకరు రాశారు: "తుపాకీ ఆటల్లో హాస్యమంటే, ఆట తయారుచేసినవాళ్ల చేతగానితనం మీద కప్పిన దుప్పటి." దానికి ఉదాహరణగా సీరియస్ శామ్‌ను చూపించారు. అందులో దారిలో దొరికే కవచం ముట్టుకోగానే వెనుక నుంచి శత్రువులు మీద పడటం హాస్యం కాదు, మోసమన్నారు. ఆ మాట రెండు రోజులు నాకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. అందుకే విడిగా చర్చ పెడుతున్నాను.

ఆడనివారి కోసం రెండు ముక్కలు. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని క్రోటీమ్ బృందం 2001లో విడుదల చేసిన కంప్యూటర్ ఆట ఇది. శామ్ అనే కండల వీరుడు ఉంటాడు, మెంటల్ అనే కనిపించని శత్రువు ఉంటాడు, యుద్ధమంతా ప్రాచీన ఈజిప్టు గుడుల్లో. కథ అంతకు మించి లేదు, అవసరమూ లేదు.

2004 నుంచి కొన్నేళ్లు నేను గడియారస్తంభానికి దగ్గరలో ఆరు సిస్టమ్‌ల నెట్ సెంటర్ నడిపాను. గంటకు పదిహేను రూపాయలు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజులు తీసేస్తే మిగతా రోజుల్లో అద్దె కట్టింది ఈ ఆటే. వచ్చేవాళ్లు ఎక్కువగా తెలుగు మీడియం పిల్లలు. శామ్ విసిరే ఇంగ్లిషు జోకుల్లో వాళ్లకు ఒక్కటీ అందలేదు. నాకూ సగమే అందింది. అయినా పడీ పడీ నవ్వేవాళ్లు. తల లేని మనిషి, రెండు చేతుల్లో రెండు బాంబులు, గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తుకొస్తాడు. తలే లేనివాడికి అరుపు ఎక్కడిది? ఈ జోకుకు అనువాదం అక్కరలేదు. మొదటిసారి విన్న ప్రతి పిల్లాడూ ముందు నవ్వాడు, తర్వాత చచ్చాడు. అయిదోసారికి అరుపు వినగానే కుర్చీలోనే ఒళ్లు తిప్పి అటువైపు గురి పెట్టేవాడు.

నా వాదన ఇదే. ఈ ఆటలో ప్రతి శత్రువుకూ ఒక చప్పుడుంది. ఎముకల గూడులా గెంతుతూ వచ్చే క్లీర్‌కు డెక్కల టకటక. వేర్‌బుల్ అనే ఆంబోతుది భూమి అదిరే పరుగు. బాంబు మనిషికి అరుపు. చెప్పి మరీ కొట్టడానికి వచ్చేవాడు మోసగాడు ఎలా అవుతాడు?

పిల్లలమర్రి ఊడ (మహబూబ్‌నగర్)

ఆ "ఒకరు" నేనే. పేరు పెట్టి పిలవండి, ఫరవాలేదు.

చప్పుడు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కవచం గురించి చెప్పండి. ఖాళీ ప్రాంగణం. నాలుగు వైపులా ఎత్తైన గోడ. నడుమ ఇసుకలో మెరుస్తూ ఒక కవచం. మీరు జాగ్రత్తపరులు కాబట్టి మూలమూలా వెదికారు, ఎవరూ లేరు. వెళ్లి ముట్టుకున్నారు. ఇందాక మీరు నడిచివచ్చిన చోటే, మీరు కళ్లారా ఖాళీ అని చూసుకున్న చోటే, గాల్లోంచి పదిమంది పుట్టుకొస్తారు. దాక్కున్నవాడు బయటపడితే అది నా అజాగ్రత్త, ఒప్పుకుంటాను. లేనివాడు పుడితే అది ఎవరి తప్పు? చదరంగంలో ఎదుటివాడు జేబులోంచి మూడో ఏనుగును తీసి పెడితే మీరు నవ్వుతారా?

కొన్నిచోట్ల ఎర కవచం కూడా కాదు. ఒకే ఒక్క పాయింటు ఆరోగ్యం ఇచ్చే చిన్న మాత్ర. రూపాయి బిళ్ల దొరికిందని వంగితే వీపు మీద గుద్దినట్టు ఉంటుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ ఏ స్తంభానిదో తేలక చూసినవాళ్లు అటూ ఇటూ వెదుకుతారు చూడండి, ఈ ఆటలో నాదీ అదే స్థితి. ఎక్కడి నుంచి వచ్చారో తేలేలోపు ఆట ముగుస్తుంది.

గడియారస్తంభం

ఊడ గారూ, ఆ ఒక్క పాయింటు మాత్రే ఈ ఆటలో అన్నిటికంటే తెలివైన జోకు. ఖాళీ మైదానం నడుమ ఒంటరిగా మాత్ర ఉందంటే అక్కడ ఏదో తిరకాసు ఉందని మూడో లెవెల్‌కల్లా మీకు తెలుసు. తెలిసీ తీసుకుంటారు. ఆట నవ్వేది మన చేతగానితనం చూసి కాదు, మన ఆశ చూసి.

మూడో ఏనుగు పోలిక మాత్రం బాగుంది. దానికి జవాబు ఆలోచించాలి.

సాగర్ రోడ్డు

మోసం అంటే నన్ను అడగండి. 2011లో వచ్చిన మూడో ఆట ఆడాను. కొంతసేపటికే గులాబీ రంగు తేలు ఒకటి వెంటపడింది. ఎన్ని తూటాలు దించినా చావదు. నాకంటే వేగంగా పరుగెత్తుతుంది. మూడు రాత్రులు దాన్ని చంపే ప్రయత్నానికే సరిపోయాయి. ఆటలో లోపం ఉందని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

పిల్లలమర్రి ఊడ

మిత్రమా, ఆ ఆట ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?

సాగర్ రోడ్డు

స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఎందుకు?

గడియారస్తంభం

ఆ తేలు దొంగ కాపీ ఆడేవాళ్ల కోసమే తయారుచేసిన తేలు. కొనుక్కున్నవాళ్లకు అది కనిపించదు. దానికి చావు లేదు. మీరు చెప్పుకున్న ఆ నలుగురికీ ఏం కాపీ ఆడారో తెలిసిపోయి ఉంటుంది.

(నా సెంటర్‌లో ఆరు సిస్టమ్‌లకూ సీడీ ఒక్కటే ఉండేదని ఇక్కడ ఎవరూ అడగకపోతే మంచిది.)

జడ్చర్ల కూడలి

నేను ఈ తరం వాణ్ని. 2012లో వచ్చిన బోర్డర్‌ల్యాండ్స్ 2తో మొదలుపెట్టాను కాబట్టి నాకు శామ్ ఆట పాతబడిన ఇల్లులా ఉంటుంది. అయినా తల లేనివాడి జోకుకు అనువాదం అక్కరలేదని గడియారస్తంభం అన్న చెప్పిన మాట పట్టుకుంటాను. బోర్డర్‌ల్యాండ్స్‌లో క్లాప్‌ట్రాప్ అనే రోబో ఉంటుంది. నోరు మూయదు. మొదటిసారి నవ్వొస్తుంది, రెండోసారి ఓర్చుకుంటాం, మూడోసారి ఆడేటప్పుడు దాని మాట వినబడగానే పక్కగదిలోకి వెళ్లి మంచినీళ్లు తాగి వస్తాను. అదే ఆటలో టెడియోర్ కంపెనీ తుపాకులు ఉంటాయి. తూటాలు అయిపోతే వాటిని నింపరు. తుపాకీనే శత్రువు మీదికి విసిరేస్తారు, అది పేలుతుంది, చేతిలోకి కొత్తది వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ విసురుడు చూస్తే నవ్వొస్తూనే ఉంది. మాటల జోకు చద్దిబడుతుంది, చేతల జోకు చద్దిబడదు అనుకుంటున్నాను. కవచం ఎర కూడా చేతల జోకే కదా?

పిల్లలమర్రి ఊడ

తుపాకీ విసిరేది మీరు. కవచం దగ్గర దెబ్బ తినేది కూడా మీరే. రెండూ ఒకటి కావు.

డిండి గట్టు (దేవరకొండ)

అన్నలూ, చప్పుడు చప్పుడు అంటున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మా తమ్ముడికి పుట్టుకతోనే వినబడదు. వాడికి ఈ ఆటంటే ప్రాణం. 2009లో బొమ్మలకు మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు కదా, అది కొని లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు పూర్తి చేశాడో లెక్కే లేదు.

వాడు ఆడే తీరు చూడాలి. స్పీకర్ల సెట్టులో వచ్చిన ఊఫర్‌ను, అంటే అదిరే చప్పుళ్ల పెట్టెను, బల్ల కింద పెట్టి, చెప్పులు విడిచి, దాని మీద అరికాలు ఆనిస్తాడు. ఆంబోతులు వస్తే కాలికి తెలుస్తుందట. ఎటు నుంచి వస్తున్నాయో మాత్రం తెలియదు. బాంబు మనుషుల అరుపు కాలికి అందదు. అందుకని ఏ వస్తువునూ ముందుకు నడిచి తీసుకోడు. దూరం నుంచి దాన్ని చూసి పెట్టుకుని, వెనక్కి తిరిగి, ఖాళీ ప్రాంగణం వైపు డబుల్ బ్యారెల్ షాట్‌గన్ ఎక్కుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లి వీపుతో ముట్టుకుంటాడు. పుట్టేవాళ్లు వాడి కళ్లెదుటే పుడతారు.

తల లేనివాడు అరుస్తాడని నేను వాడికి సైగలతో చెప్పిన రోజు కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత కాగితం మీద రాసి చూపించాడు: "అరిచేవాడికి నోరు లేదు. వినేవాడికి చెవి లేదు. మాకిద్దరికీ కుదిరింది."

పిల్లలమర్రి ఊడ

అక్కా, మీ తమ్ముడు గొప్పవాడు.

ఇప్పుడు నేనొకటి ఒప్పుకోవాలి. నేను ఈ ఆట ఆడింది మహబూబ్‌నగర్‌లో బస్టాండుకు దగ్గరున్న ఒక నెట్ సెంటర్‌లో. పక్కన బట్టల కొట్టు. అరుపులు వినబడితే గిరాకీ భయపడుతోందని కొట్టాయన గొడవపెట్టుకుని స్పీకర్లు తీయించేశాడు. ఇయర్‌ఫోన్లు కావాలంటే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. మా ఇంట్లో లేవు. ఆ ఆటకు చప్పుడు ఉందన్న సంగతే నాకు చాలా కాలం తెలియదు.

గడియారస్తంభం

అలా చెప్పండి! ఇన్నేళ్లుగా సగం ఆట ఆడి, మిగతా సగం లేదని కేసు వేశారన్న మాట. చర్చ ముగిసింది.

ఇంకో సాక్ష్యం. ఈ ఆటలో అన్నిటికంటే తేలిక స్థాయి పేరు టూరిస్ట్, అన్నిటికంటే కష్టమైన స్థాయి పేరు మెంటల్. ఆ స్థాయిలో శత్రువులు కనబడుతూ, మాయమవుతూ వస్తారు. కన్ను పనికిరాదు, చెవే దిక్కు. చప్పుడునే న్యాయంగా పెట్టుకుని ఆట కట్టారనడానికి ఇంతకంటే ఏం కావాలి?

డిండి గట్టు

ముగియలేదన్నా. ఆ మెంటల్ స్థాయిని మా తమ్ముడు రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాడు. వాడు ఏదైనా వదిలేయడం నేను చూసింది అదొక్కటే. చెవి ఉంటేనే అందే న్యాయం వాడి లెక్కలో న్యాయం కాదు. వాడు మోసమనీ అనడు. "వాళ్లకు నేను గుర్తు రాలేదు" అంటాడు. మీ వాదన చదివి వినిపించమన్నాడు, అంటే చేతులతో. చదివాక మీకో పని చెప్పమన్నాడు. స్పీకర్లు ఆపేసి, ఊఫర్ మీద కాలు కూడా పెట్టకుండా, మొదటి లెవెళ్లు మామూలు స్థాయిలో ఆడి వచ్చి రాయండి.

గడియారస్తంభం

సరే, ఎంత కష్టం! ఈ ఆట నా అద్దె కట్టింది. ఆదివారం చూద్దాం.

పిల్లలమర్రి ఊడ

టూరిస్ట్ స్థాయి పెట్టుకుని ఆడి మామూలు అని చెప్పేరు. స్క్రీన్ ఫొటో కావాలి.

గడియారస్తంభం

ఆదివారం అయిపోయింది. రాయక తప్పదు.

పదిగంటలకు కూర్చున్నాను. మొదటి కొంతసేపు హాయిగానే ఉంది, ఎందుకంటే శత్రువులు ఎక్కడ పుడతారో చాలావరకు నాకు నోటికి వచ్చు. ఆ జ్ఞాపకం ఎక్కడ అయిపోయిందో అక్కడ నా వీరత్వం కూడా అయిపోయింది. ఊడ గారు చెప్పిన లాంటి ప్రాంగణమే, నడుమ కవచం. ముట్టుకున్నాను. ఎదురుగా వస్తున్న ఇద్దరిని కాలుస్తున్నాను, అంతా బాగుంది, ఉన్నట్టుండి తెర ఎర్రబడి శామ్ నేల మీద ఉన్నాడు. ఏం జరిగిందో తెలియదు. వెనుక బాంబు మనిషి. వాడు అరిచే ఉంటాడు, పాపం. తొమ్మిదిసార్లు అక్కడే పోయాను. ఒక్కసారి కూడా నవ్వు రాలేదని ఏడోసారికి గమనించాను. చప్పుడు లేకపోతే ముందు వచ్చే ఆ నవ్వు లేదు, తర్వాత వచ్చే చావు మాత్రమే ఉంది.

పదోసారి తమ్ముడి పద్ధతి పట్టాను. కవచాన్ని చూసి పెట్టుకుని వెనక్కి తిరిగాను, వెనక్కి వెనక్కి నడిచాను. దారి తప్పి గోడకు గుద్దుకున్నాను, మళ్లీ సర్దుకుని వెళ్లాను. వీపు ఎక్కడో దానికి తగిలింది. పదిమందీ నా ఎదురుగా, వరసగా, పెళ్లి ఫొటోకు నిలబడినట్టు పుట్టారు. అప్పుడు నవ్వాను. గట్టిగానే నవ్వినట్టున్నాను, లోపలి నుంచి మా ఆవిడ వచ్చి చూసి వెళ్లింది.

ఊడ గారూ, లేనివాడు పుట్టడం గురించి మీరన్నదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. చప్పుడు ఉన్నంతసేపు అది జోకే అని మాత్రం ఇంకా అంటాను. చప్పుడు లేనివాడికి ఏమిటన్న ప్రశ్న 2001లో వాళ్లకు తట్టలేదు. నా సెంటర్‌లో నాలుగో నంబరు సిస్టమ్ ఇయర్‌ఫోన్‌లో ఎడమ చెవి పనిచేసేది కాదు. నాకు తెలుసు. మార్చలేదు. అక్కడ కూర్చున్న పిల్లలు ఎప్పుడూ ఎడమవైపు నుంచే చచ్చేవాళ్లు. ఆటలో పస లేదని తిట్టుకుంటూ లేచేవాళ్లు. అవే పదిహేను రూపాయలు వాళ్ల దగ్గరా తీసుకున్నాను.

పిల్లలమర్రి ఊడ

నేనూ ఆదివారం ఆడాను. ఇరవై ఏళ్ల తర్వాత, మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. అరుపు ఎడమ నుంచి వచ్చింది, తిరిగాను, కాల్చాను, వాడు పక్కనున్న ఇద్దరిని కూడా తీసుకుని పేలిపోయాడు. అది బాగుంది, బాగా లేదని అనను. ఆ వెంటనే ఒక్క పాయింటు మాత్ర కనబడింది. తీసుకున్నాను. మూడో ఏనుగు వచ్చింది. నా మాట మీద నేను ఉన్నాను.

సాగర్ రోడ్డు

ఆ తేలు దొంగ కాపీకేనా? కొంటే నిజంగా రాదా?

డిండి గట్టు

తమ్ముడికి అంతా చెప్పాను. గడియారస్తంభం అన్న గోడకు గుద్దుకున్నదాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. వెనక్కి నడిచేటప్పుడు కుడిచేతి గోడను తెర అంచున పట్టుకుని ఉంచుకోమంటున్నాడు, అప్పుడు దారి తప్పదట.