వాము నూనెతో పేగు నిజంగా సడలుతుందా?

బజ్జీప్రియుడు (గుంటూరు): మిరపకాయ బజ్జీలో వాము ఎందుకు కూరుతారని మా అబ్బాయి అడిగాడు. కడుపులో పట్టేయకుండా అన్నాను. రుజువేమిటన్నాడు. తెలిసినవారు చెప్పండి.

ఫార్మసీ పాతకాపు: సడలుతుంది. బీఫార్మసీ చదివే రోజుల్లో కళ్లారా చూశాను. కుందేలు చిన్నపేగు ముక్కను 37 డిగ్రీల టైరోడ్ ద్రావణంలో (లవణాలు, గ్లూకోజు కలిపిన నీళ్లు) వేలాడదీస్తే తనంతట తానే ముడుచుకుంటూ, విప్పారుతూ ఉంటుంది. ఆ కదలికను పేగుకు తగిలించిన సూది, తిరిగే మసిపూసిన డ్రమ్ము మీద తెల్లగా గీస్తూ పోతుంది. పిప్పరమెంటు నూనె పడగానే ఆ గీత చదునైపోయింది. కండర కణంలోకి కాల్షియం వెళ్లే దారులను ఆ నూనెలోని మెంథాల్ మూసేస్తుంది. కాల్షియం అందకపోతే కండరం ముడుచుకోదు.

అరండల్‌పేట అత్తయ్య: అడిగింది వాము, చెప్పింది పిప్పరమెంటు.

పాతకాపు: వాములోని థైమాల్ కూడా జంతువుల కండరపు ముక్కలను సడలించింది అమ్మా.

కృష్ణలంక వాసి: గాజు గొట్టంలో వేలాడే పేగుకు కాలేయం లేదు, నరం లేదు. నూనె నేరుగా తగులుతుంది. మింగితే చాలావరకు పైపైనే పీల్చుకుపోతుంది. అందుకే పిప్పరమెంటు నూనెను పేగులో కరిగే పూత వేసిన గొట్టం మాత్రల్లో (క్యాప్సూళ్లలో) ఇస్తారు. మా నాన్నగారు ఎవరో చెప్పారని ఉత్త నూనె తాగారు. అన్నవాహిక కింది బిగింపు కూడా కండరమే కదా, అదీ సడలింది. రాత్రంతా గుండెల్లో మంటతో కూర్చున్నారు.

పాతకాపు: నరం లేదనడం తప్పు. పేగు గోడలోనే నరాల అల్లిక ఉంటుంది. కోసి తీసినా కొన్ని గంటలు పనిచేస్తుంది.

కృష్ణలంక: సరే, నరం మాట వెనక్కి తీసుకున్నాను. మిగతాదానికి జవాబు?

పాతకాపు: చదవకుండా రాసేవారికి ఏం జవాబు చెబుతాం!

అత్తయ్య: మా నలుగురు పిల్లలూ వాము నీళ్లతోనే పెరిగారు. నిన్న మనవడికి ఉగ్గుగిన్నెతో పట్టబోతే కోడలు గిన్నె లాక్కుంది. పాతకాపు గారి జవాబు ఫోనులో చూపించినా వినలేదు.

కృష్ణలంక: కాచిన నీళ్లా, సీసా నూనెనా?

అత్తయ్య: సీసాదే, రెండు చుక్కలు నీళ్లలో కలిపాను. మూత తీస్తేనే ముక్కు అదిరింది.

కృష్ణలంక: అమ్మా! వాములో నూనె నూటికి 2 నుంచి 4 పాళ్లే. ఒక్క చుక్కలో అర చెంచాకు పైగా గింజల సారం ఉంటుంది. పైగా నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. పసివాడి నోట్లో ముందు పడేది అదే.

పాతకాపు: పసిబిడ్డకు పట్టమని నేనెక్కడ రాశాను? నేను చెప్పింది కుందేలు పేగు గురించి.

అత్తయ్య: కుందేలు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నలుగురిని పెంచిన దాన్ని. ఒక్క మాటైనా అడగకుండా చేతిలో గిన్నె లాక్కోవచ్చా? దానికి జవాబు చెప్పండి.

బజ్జీప్రియుడు: సీసా మీద ఏం రాసి ఉందమ్మా?

అత్తయ్య: కళ్లజోడు పెట్టుకుని ఇప్పుడే చూశాను. పైపూతకు మాత్రమేనట. తూములో ఒంపేశాను. కోడలికి చెప్పలేదు.