బోరు నీటి చెరువులో వనామీ రొయ్యల తోక బిగుసుకుపోతోంది, కల్లుప్పు వేస్తే సరిపోతుందా?

భీమవరం చెరువు
ఎకరం చెరువండి, నీటి లోతు నాలుగున్నర అడుగులు. బోరు నీరు, ఉప్పు 6 పీపీటీ (వెయ్యి పాళ్లకు 6 పాళ్లు). విసురు వలతో పైకి తీయగానే కొన్ని రొయ్యలు తోక వంగి బిగుసుకుంటున్నాయి, కండ తెల్లబడుతోంది. ల్యాబ్ రిపోర్టులో సోడియం లీటరుకు 1,830 మి.గ్రా., పొటాషియం 22. కల్లుప్పు ఇంకొంచెం వేయమంటారా?

జువాలజీ మాస్టారు
వద్దండి. కల్లుప్పంటే సోడియం క్లోరైడే, సోడియానికీ పొటాషియానికీ ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది. వనామీ రక్తంలో లవణాలు సుమారు 25 పీపీటీ నీటికి సమానం. 6 పీపీటీలో ఉంటే మొప్పల్లోంచి నీరు లోపలికి చొరబడుతూనే ఉంటుంది, లవణాలు బయటికి జారుతూనే ఉంటాయి. వీటికి శక్తి అక్కర్లేదు. ఎదురు లాగడానికే ఖర్చు. మొప్ప కణం పొరలో ఉండే పంపు ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను రక్తంలోకి తోసి, రెండు పొటాషియం అయాన్లను కణంలోకి తీసుకుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని బయటపెట్టింది కూడా పీత కాలి నరాల్లోనే! పొటాషియం చాలకపోతే ఈ పంపు మందగిస్తుంది. కండ బిగిసి వదలడమూ పొర లోపలా బయటా పొటాషియం తేడా మీదే ఆధారపడింది, అందుకే ముందు దాన్నే అనుమానించాలి.

ఆక్వా ల్యాబ్, అమలాపురం
మీ నీటిలో సోడియం, పొటాషియం నిష్పత్తి 83:1. సముద్రంలో 28:1. 40:1కి తెచ్చినా నయమే, అంటే పొటాషియం 46 ఉండాలి, 24 పెంచాలి. మీ చెరువులో దాదాపు 55.5 లక్షల లీటర్లు, కాబట్టి 133 కిలోల పొటాషియం కావాలి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్ ఎరువు) బస్తా మీద 60 శాతం అని ఉంటుంది కానీ అది పొటాషియం ఆక్సైడ్ లెక్క. అసలు పొటాషియం సగమే. 266 కిలోలు పడుతుంది. ఇక్కడే చాలామంది తక్కువ వేసేస్తారు. నాలుగు విడతలుగా, రోజు విడిచి రోజు, డ్రమ్ముల్లో కరిగించి, ఏరేటర్లు తిరుగుతుండగా చల్లండి. మన డెల్టా బంకమట్టి పొటాషియాన్ని పట్టేసుకుంటుంది, వారానికి మళ్లీ పరీక్ష చేయించాలి.

భీమవరం చెరువు
మెగ్నీషియం 110 ఉందండి. అదీ పెంచాలా?

ఆక్వా ల్యాబ్, అమలాపురం
6 పీపీటీకి 235 దాకా ఉండాలి. ఏటీపీ పనిచేసేది మెగ్నీషియం తోడుంటేనే కాబట్టి పెంచాల్సిందే. కానీ ఎప్సమ్ ఉప్పులో (మెగ్నీషియం సల్ఫేట్) మెగ్నీషియం పదో వంతే. 10 మి.గ్రా. పెంచడానికే ఎకరానికి 560 కిలోలు. ముందు పొటాష్ కానివ్వండి, ఇది మెల్లగా. ఈలోపు ఎండ వేళ వల విసరొద్దు.