కదిలే బస్సులోంచి ఫొటోలు స్పష్టంగా రావాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. వచ్చే వారం పొద్దున బస్సుకి చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్తున్నాను. మా నాన్న ఒకప్పుడు ఇదే దారిలో మామిడికాయల లారీ నడిపారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేకపోతున్నారు. చంద్రగిరి కోట కొండ, బంగారుపాళ్యం వైపు తోతాపురి తోటలు, మొగిలి ఘాట్ మలుపులు, అన్నీ ఫొటోలు తీసి ఆయనకి చూపించాలని నా ఆశ.

ఫోన్‌తో తీసి చూశాను. దూరంగా ఉన్న కొండ బాగానే వస్తోంది, రోడ్డు పక్క చింతచెట్టు మాత్రం ఆకుపచ్చ మరకలా సాగిపోతోంది. కరెంటు స్తంభాలైతే ఒక పక్కకి ఒరిగినట్టు పడుతున్నాయి. కిటికీ అద్దంలో నా చొక్కా నీడ కూడా కనిపిస్తోంది. ఏసీ బస్సు కాబట్టి కిటికీ తెరిచే వీలు లేదు.

షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫొటోకి కెమెరా వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/1000 వంతు కన్నా వేగంగా పెట్టమని ఒకాయన చెప్పారు. ఘాట్‌లో చెట్ల నీడ పడ్డప్పుడు కూడా అంతే ఉంచాలా, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచితే ఫొటో చుక్కలు చుక్కలుగా రాదా? లెన్స్‌ని అద్దానికి ఆనిస్తే చొక్కా నీడ పోతుంది గానీ బస్సు అదురు ఫోన్‌కి తగులుతుంది, దీనికేమైనా ఉపాయం ఉందా? పొద్దుటి ఎండకి ఏ వైపు సీటు మంచిది? వీడియో తీసి అందులోంచి ఫొటోలు తీసుకోవడం మేలంటారా? ఈ దారిలో తీసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.