బడులు తెరిచారు, ఇంట్లో పెద్దవారి సంగతేమిటి?

ప్రశ్న (ఫిబ్రవరి, 2022): తెలంగాణలో ఒకటో తేదీన బడులు మళ్లీ తెరవడంతో మా ఏడేళ్ల బాబు బడికి వెళ్తున్నాడు. మేమిద్దరం ఉద్యోగాల నుంచి వచ్చేవరకు వాడిని చూసుకునేది మధుమేహం ఉన్న మా నాన్నగారే. ఆయనకు కోవిడ్ ముప్పు ఎలా తగ్గించాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పదిహేనేళ్లలోపు పిల్లలకు టీకా ఇంకా ఇవ్వడం లేదు, లక్షణాలేవీ లేని పిల్లల ద్వారా కూడా వైరస్ ఇంటికి చేరవచ్చు. అరవై దాటి మధుమేహం ఉన్నవారికి జనవరి 10 నుంచి ముందుజాగ్రత్త డోసు (కోవిడ్ టీకా మూడో డోసు) ఇస్తున్నారు కాబట్టి, రెండో డోసుకు తొమ్మిది నెలలు నిండి ఉంటే వెంటనే వేయించండి.

జవాబు 2: డోసు ఒక్కటే చాలదండీ. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో మనవడిని పక్కలో పడుకోబెట్టుకోవడం మానాలి. హోంవర్కు వరండాలో చేయించవచ్చు. అస్తమానం శానిటైజరు పూయడం కన్నా గాలి ఆడనివ్వడమే ముఖ్యమని నా అభిప్రాయం.

అడిగినవారు: తాతయ్య పక్కన తప్ప వాడు నిద్రపోడు, అదే చిక్కు.

జవాబు 3: కిటికీలు తెరిచి పడుకోనివ్వండి. బాబుకు జలుబో జ్వరమో ఉన్న రోజుల్లో మాత్రం మీలో ఒకరు సెలవు పెట్టక తప్పదు.