‘ఆల్డ్ సాంగ్’: ప్రాచీన గీతమా, పాత పాటా?

ప్రశ్న: 1707లో స్కాట్లాండు ఇంగ్లండుతో విలీనమైనప్పుడు ఛాన్సలర్ (స్కాట్లాండు పార్లమెంటుకు అధ్యక్షత వహించే ఉన్నతాధికారి) సీఫీల్డ్ ప్రభువు పలికాడని చెప్పే ‘ఎన్ ఎండ్ ఆఫ్ ఎన్ ఆల్డ్ సాంగ్’ అనే మాటను ‘ఒక ప్రాచీన గీతం ముగిసింది’ అని తెనిగించవచ్చునా?

జవాబు: ‘ప్రాచీన గీతం’ అనగానే పాఠకుడి గొంతులో దుఃఖం పలుకుతుంది. కానీ ఆ మాటను రాసిపెట్టినవాడికి అది దుఃఖంగా వినిపించలేదు. కార్న్‌వాత్ ఎస్టేటు యజమాని జార్జ్ లాక్‌హార్ట్ ఎడింబరో పరిసర ప్రాంతానికి ప్రతినిధిగా అప్పటి స్కాట్లాండు పార్లమెంటులో సభ్యుడు. పదవి కోల్పోయిన స్టూఅర్ట్ రాజవంశానికి విధేయుడు. విలీన షరతులు తయారుచేసిన సంఘంలో సభ్యుడై ఉండి కూడా విలీనాన్ని మొదటినుంచీ వ్యతిరేకించినవాడు. సీఫీల్డ్ ఛాన్సలర్ హోదాలో విలీన శాసనం ప్రతిమీద సంతకం చేసి, సభ ఎదుటే దాన్ని గుమాస్తాకు తిరిగి ఇస్తూ ఈ మాట అన్నాడని లాక్‌హార్ట్ తన జ్ఞాపకాలలో రాస్తూ, దానిని తిరస్కారంతో కూడిన మాటగానే పేర్కొన్నాడు. ఆ గ్రంథం 1714లో ఆయన అనుమతి లేకుండానే అచ్చైంది.

లాక్‌హార్ట్ నిష్పక్షపాత సాక్షి కాడన్నది నిజమే. 1711లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంఘంలో కూర్చున్నప్పుడు, విలీనానికి ముందు ఇంగ్లండు ఖజానా నుంచి స్కాట్లాండుకు గుట్టుగా వెళ్ళిన 20,000 పౌండ్ల సంగతిని బయటికి లాగినవాడు ఆయనే. ఆ డబ్బు ఎవరెవరికి చేరిందో చెప్పే పట్టికలో సీఫీల్డ్ పేరు ఎదురుగా 490 పౌండ్లు కనిపిస్తాయి. అవి జీతాల బకాయిలేనని అవతలి పక్షం వాదించింది, లాక్‌హార్ట్ మాత్రం లంచమనే నమ్మాడు. అలాంటివాడి చెవికి సీఫీల్డ్ మాట ఏ స్వరంలో పడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పైగా ఒక వస్తువు కారుచవకగా చేతులు మారితే ‘పాటకు అమ్మేశారు’ అనే వాడుక ఇంగ్లీషులో అప్పటికే ఉంది కనుక, ఆ మాటలో చులకన ధ్వనించడానికి భాషాపరమైన ఆధారం కూడా లేకపోలేదు.

మరొక సభ్యుని వ్యాఖ్య: అలాగైతే ‘కథ కంచికి’ అంటే సరిపోతుంది కదండీ. తేలికదనం ఉంది, ముగింపూ ఉంది.

జవాబు: స్వరం కుదిరింది గానీ, స్కాట్లాండు ప్రభువు నోట కంచి పేరు వస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది, పాట కూడా చేజారిపోతుంది. ‘ఇంతటితో ఆ పాత పాటకు మంగళం పాడేశాం’ అని నా సూచన. మంగళం కచేరీలో చివర పాడేదే కనుక పాట నిలుస్తుంది. ‘మంగళం పాడటం’ అంటే ఇక వదిలించుకున్నట్టే అనే వ్యవహారార్థం వల్ల ఆ తీసిపారవేతా నిలుస్తుంది. ‘పాత పాటే’ అని మనం విసుగుతో అనే మాట కూడా దీనికి తోడ్పడుతుంది.

సీఫీల్డ్‌ను ఒట్టి అమ్ముడుపోయిన మనిషిగా చిత్రించడానికి ఈ అనువాదాన్ని వాడుకోకూడదని కూడా మనవి. పశువుల వ్యాపారం చేస్తున్న తమ్ముణ్ణి ఆయన మందలించగా, ‘నేను గొడ్లను అమ్ముతున్నాను, మీరు దేశాలను అమ్ముతారు’ అని అతను బదులిచ్చాడని ఒక కథ చెప్పుకుంటారు. స్కాట్స్ భాషలో గొడ్లను ‘నౌట్’ అంటారు, ‘నేషన్స్’ (దేశాలు) తో దానికి మొదటి ధ్వని కలుస్తుంది. అంత చక్కగా కుదిరిన అనుప్రాసను చూస్తే, కథ ఎవరో తరువాత తీర్చిదిద్దినదేమోనని నాకు అనుమానం. ఆ కథ చెప్పేవారు అంతగా చెప్పనిది 1713 నాటి సంగతి. స్కాట్లాండు ప్రీవీ కౌన్సిల్ (రాజు తరఫున పాలన చూసే మండలి) రద్దు, ఇంగ్లీషు రాజద్రోహ చట్టం విధింపు, స్కాట్లాండు ప్రభువులకు బ్రిటిష్ ప్రభువుల హోదా నిరాకరణ, మాల్టుపై (బీరు తయారీకి వాడే మొలకెత్తించిన బార్లీపై) పన్ను అనే నాలుగు ఫిర్యాదులతో విలీనాన్ని రద్దు చేయాలని ప్రభువుల సభలో ప్రతిపాదించినవాడు ఈ సీఫీల్డే. హాజరైనవారి ఓట్లు ఇరువైపులా సమానంగా పడ్డాయి. రానివారి తరఫున వేసిన ఓట్లతో ఆ ప్రతిపాదన నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది. కాబట్టి అనువాదం కింద చిన్న వివరణలో ఈ సంగతినీ, మాటను మనదాకా చేర్చినవాడు లాక్‌హార్ట్ అనే సంగతినీ తప్పక చేర్చండి.